ఆరు నిమిషాల చీకటికి మా మిద్దె మీద రిహార్సల్

సంపూర్ణ సూర్యగ్రహణాలు ఇప్పటికి మూడింటిని నా కెమెరాలో పట్టాను. సికింద్రాబాద్‌లో ఈ మాట చెప్పగలిగినవాడు ఇంకొకడుంటే నా ఎదుటికి రమ్మనండి, ఇరానీ చాయ్ తాగించి పంపుతాను. రాంగోపాల్‌పేట్‌లో నలభై ఏళ్లు కెమెరాలు బాగుచేసిన చేతులివి. పెళ్లి ఫోటోలవాళ్లు, పత్రికలవాళ్లు, తిరుమలగిరి నుంచి వచ్చే మిలిటరీ ఆఫీసర్లు, వీళ్లందరి కెమెరాల పొట్టలూ నేను విప్పి చూసినవే. నాలాంటివాడి ముందు సూర్యుడు ఎంత?

ఇంతవరకు రాసి, మా ఆవిడ వంటింట్లోనే ఉందని నిశ్చయం చేసుకుని, మళ్లీ చదువుకున్నాను. బాగానే ఉంది. కాని ఈ కాగితాలు ఎప్పటికైనా ఆవిడ చేతిలో పడతాయి కాబట్టి ఇప్పుడే సర్దుకోవడం మంచిది. మూడు అన్నది కొంచెం సాగదీసిన మాట.

మొదటిది నా పాతికేళ్ల వయసులో వచ్చింది. పూర్తి చీకటి మన ఊరికి కాస్త దక్షిణంగా పోయింది, మనకు అంచు మాత్రమే తగిలింది. ఆ రోజు రోడ్ల మీద కుక్క కూడా తిరగలేదు. నేనొక్కణ్ణే కెమెరా భుజాన వేసుకుని మిద్దెక్కానని చాలామందికి చెప్పాను. నిజానికి అత్తగారింట్లో, కిటికీలకు దుప్పట్లు కట్టిన హాల్లో, మామగారి పక్కన ఆకలితో కూర్చున్నాను. గ్రహణం విడిచేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. రెండోది ఉత్తరాదిన కనబడింది. చూడటానికి వెళ్లేవాళ్ల కెమెరాలు నేనే శుభ్రం చేసి ఇచ్చి, స్టేషన్ దాకా వెళ్లి చెయ్యి ఊపి వచ్చాను. నేను తుడిచిన అద్దంలోంచే వాళ్లు చూశారు కాబట్టి నేనూ చూసినట్టే అని నా వాదన. మూడోదానికి మాత్రం నిజంగానే బీహారు దాకా వెళ్లాను. వానాకాలం. చీకటి పడింది, పోయింది, నాకు దొరికినవన్నీ మబ్బులు. అందులో ఒక మబ్బు చాలా అందంగా పడింది. దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను. తెలియనివాళ్లు అడిగితే గ్రహణమని చెబుతాను.

అంటే అసలు లెక్క సున్నా. మా ఆవిడది కూడా సున్నాయే, కాని ఆవిడ సున్నాకు బరువెక్కువ.

ఆ మొదటి గ్రహణం నాటికి ఆవిడకు ఏడో నెల. గర్భిణి మీద గ్రహణం నీడ పడకూడదని వెనక గదిలో పడుకోబెట్టి తలుపు వేశారు. కదలొద్దన్నారు, గోరు గిల్లొద్దన్నారు, దారం పట్టొద్దన్నారు. ఆవిడ ఇరవై ఒక్కేళ్ల పిల్ల, చెక్కమంచం మీద వెల్లకిలా పడుకుని పైకప్పు దూలాలు చూస్తూ ఉండిపోయింది. ఆ సంగతి ఇప్పటికీ నిన్న జరిగినట్టు చెబుతుంది. "అర్రల మొదలే చీకటి. గా చీకట్ల ఇంకో చీకటి అచ్చింది. పావురాలు సప్పుడు బంద్ జేసినయ్. బయట ఏందో పెద్ద తమాషా అయితున్నది, నాకొక్కదానికే చూపెడతలేరు అనుకున్న." హాల్లో ఉన్న మేమందరం కూడా దుప్పట్ల వెనకే ఉన్నామని, ఎవరూ ఏమీ చూడలేదని తర్వాత చెప్పినా ఆవిడ బాధ తగ్గలేదు. ఆ కడుపులోని పిల్ల ఇప్పుడు తిరుమలగిరిలో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. సూర్యుడన్నా ట్యూబులైటన్నా దానికి ఒకటే.

అందుకే ఈజిప్టులో రాబోయే గ్రహణం ఆరు నిమిషాల పైచిలుకు ఉంటుందని మా మిత్రుడు వచ్చి చెప్పినప్పుడు, నాకంటే ముందు ఆవిడే లేచింది.

"నేనొస్త అన్నా. నాకు ఫోటో గీటో వద్దు. కండ్లతోని చూడాలె, గంతే."

ఈ మిత్రుడిది శ్రీకాకుళం వైపు. రైల్వే ఆఫీసులో బళ్ల టైముపట్టీలు వేసి వేసి రిటైరై, మా వెనక వీధిలోనే ఇల్లు కట్టుకున్నాడు. మా ఆవిణ్ణి చెల్లెమ్మా అంటాడు, అందుచేత నేను ఆయనకు బావగారినయ్యాను. టెలిస్కోపు ఆయనది, కెమెరా నాది. ఒకటి లేకుండా ఇంకొకటి పనికిరాదు. అందుకే పదేళ్లుగా మా స్నేహం చెడలేదు.

పనులు మూత దగ్గర షురూ అయ్యాయి. సూర్యుడి వైపు టెలిస్కోపు తిప్పాలంటే ముందు దాని మూతికి వెండి కాగితం లాంటి ఫిల్టర్ కట్టాలి. అది లేకుండా చూస్తే కన్నూ కెమెరా రెండూ కాలిపోతాయి. పూర్తి చీకటి పడిన ఆ ఆరు నిమిషాలు మాత్రమే దాన్ని తియ్యాలి. అంటే గట్టిగా పట్టుకునేలా ఉండాలి, ఒక్క వేలితో ఊడేలా కూడా ఉండాలి. అటువంటి చట్రం ఎక్కడ దొరుకుతుందని మేమిద్దరం వారం రోజులు ఫోన్లలో వెతికాం. మా ఆవిడ టెలిస్కోపు మూతి చుట్టూ పురికొస తిప్పి, ముడి వేసి, దాన్ని కొంగున కట్టుకుని, "నడువు" అంది.

మోండా మార్కెట్‌లో గిన్నెల దుకాణం. ఆవిడ పురికొస విప్పి గల్లా మీద గుండ్రంగా పరిచింది.

"గీ సైజు మూత కావాలె."

"మూత ఒక్కటే రాదమ్మా, డబ్బాతోనే వస్తది" అన్నాడు దుకాణం ఆయన.

"డబ్బా మాకేం పని? మూతతోనే పని."

"దేనికి పెడతరు?"

"సూర్యునికి."

ఆయన నవ్వలేదు. పురికొస చేతిలోకి తీసుకుని పై అరల వైపు చూశాడు. "స్టీలుదా, అల్యూమినియందా?" అని మాత్రం అడిగాడు.

అల్యూమినియందే తీసుకున్నాం, కొయ్యడం తేలిక కాబట్టి. ఆ మూత నడుమ గుండ్రంగా కోసి, అంచు ఆకురాయితో అరగదీసి, లోపలి వైపు నా పెళ్లినాటి కోటు గుడ్డ అతికించి, వెండి కాగితం బిగించాను. గంటలో అయిపోయిందని మిత్రుడికి చెప్పాను. మూడు మూతలు పాడయ్యాయి. ఆ మూడు డబ్బాల మీదా ఇప్పుడు ప్లేట్లు బోర్లించి ఉన్నాయి, వాటిలో పప్పులున్నాయి, రోజూ అవి నన్ను చూస్తూ ఉంటాయి. వెండి కాగితాన్ని మాత్రం డప్పులా లాగి బిగించకూడదు, కాస్త వదులుగా ముడతలు పడి ఉండాలి. అది చూడలేక మా ఆవిడ రెండుసార్లు సాపు చెయ్యబోయింది. "చెల్లెమ్మా, దాన్ని అలాగే ఉండనీయండి, ఇస్త్రీ చేస్తే బొమ్మ పాడవుద్ది" అని మిత్రుడు డబ్బా మూతను ఒళ్లో దాచుకున్నాడు.

తర్వాత రిహార్సళ్లు. అక్కడ గ్రహణం మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోయే చోట. మనకు మే నెల మిద్దె ఉండగా వేరే ఎడారి ఎందుకు? పన్నెండింటికి ముగ్గురం పైకెక్కేవాళ్లం. టెలిస్కోపు గొట్టం వేడెక్కితే ఫోకస్ జారుతుంది కాబట్టి దానికి తడి తువ్వాలు చుట్టేవాళ్లం. గాలికి స్టాండు ఊగకుండా కింద ఉల్లిగడ్డల సంచి వేలాడదీసేవాళ్లం. ముందు ఫిల్టర్‌తో సూర్యుణ్ణి చూసి ఫోకస్ సరిచేసి, అది తిరగకుండా టేపు అంటించేవాణ్ణి. ఆ పైన టెలిస్కోపును సూర్యుడి మీంచి పూర్తిగా తప్పించి పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకు వైపు తిప్పేవాళ్లం. మూత తీసే అభ్యాసం దాని మీదనే. ఈజిప్టు దాకా పోయే గ్రహణానికి మా పక్కింటి నల్ల ట్యాంకు సూర్యుడి వేషం వేసింది. ఆ ఇంటావిడ బట్టలారేయడానికి వచ్చినప్పుడల్లా మావైపు అనుమానంగా చూసి, త్వరగా దిగిపోయేది.

మిత్రుడు అలవాటు కొద్దీ ఆ ఆరు నిమిషాలకూ ఒక టైముపట్టీ వేశాడు. ఫలానా సెకనుకు మూత తియ్యాలి. ఫలానా సెకనుకు ఉంగరంలో వజ్రం మెరిసినట్టు కనబడే వెలుగు పట్టాలి. ఆ తర్వాత చీకటి చుట్టూ తెల్లగా పరుచుకునే వెలుగు జుట్టును మొదట చురుకైన షట్టర్‌తో, పోను పోను నెమ్మదైన షట్టర్‌తో తియ్యాలి. చివరికి మూత పెట్టాలి. సూర్యుడు జరిగిపోతూంటే టెలిస్కోపును మర తిప్పుతూ వెంట నడిపించడం ఆయన పని. కెమెరా నా పని. ఆ కాగితంలో నలభై వరసలున్నాయి.

మొదటి రిహార్సల్ సంగతి ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. ఒక కంటికి శుక్లం తీయించుకున్నాను, రెండోది ఇంకా వంతు కోసం చూస్తోంది. ఎండలో ఆ అక్షరాలు చీమల్లా పాకాయి. కాగితం చూస్తే చెయ్యి ఆగుతుంది, చెయ్యి కదిపితే వరస తప్పుతుంది. చెమట కళ్లద్దాల మీద పడింది. నేను గొప్ప శ్రద్ధతో పదిహేడో వరస చేరుకునేసరికి మిత్రుడు మర వదిలేసి నిలబడ్డాడు.

"బావగారూ, సూర్యుడు వచ్చేశాడండి."

"ఇంకా పదిహేడే అయ్యాయి."

"మరేటి చేస్తాం, ఆయన ఆగడు కదా. పైగా మీరు మూత తియ్యనే లేదు."

అవును, తియ్యలేదు. పదిహేడు ఫోటోలూ తారు పూసినట్టు వచ్చాయి. నలభై ఏళ్లు పరాయి కెమెరాలు బాగుచేసిన చేతులు కొంచెం వణుకుతున్నాయని కూడా అప్పుడే గమనించాను. ఎండవల్ల అన్నాను. మా ఆవిడ గొట్టం మీది తడి తువ్వాలు తీసి నా నెత్తిన వేసింది.

కాగితం చదవడానికి ఒక మనిషి కావాలని తేలింది. మా ఆవిడ తప్ప ఎవరున్నారు? ఆవిడ మా సొంత ట్యాంకు కింది నీడలో పీట వేసుకుని, కాగితం ఒళ్లో పెట్టుకుని, మిత్రుడి స్టాప్‌వాచ్ అరచేతిలో పట్టుకుని మొదలుపెట్టింది. నిజం చెప్పాలి, ఆ గొంతులో ఏదో ఉంది. నలభై అయిదేళ్లకు పైగా ఆ గొంతు పిలిస్తే అన్నానికి లేచాను, నీళ్లొచ్చాయంటే బిందె పట్టాను, స్విచ్చి ఆపమంటే ఆపాను. నా చెవికి చేరేలోగానే నా చెయ్యి కదిలిపోతుంది. "మూత తియ్యి" అనగానే మూత ఊడింది. మూడో రిహార్సల్‌కు నలభై వరసలూ పూర్తయి ఇంకా పది సెకన్లు మిగిలాయి. ప్రపంచంలో ఇంత చక్కటి జట్టు ఇంకెక్కడా ఉండదని నేను మిత్రుడితో అన్నాను. ఇది మాత్రం సాగదీసింది కాదు.

అయిదో రిహార్సల్‌లో మూడో నిమిషం దగ్గర గొంతు ఆగిపోయింది.

నేను తల తిప్పి చూశాను. ఆవిడ తల పైకెత్తి ఉంది. ఆకాశంలో ఏమీ లేదు, ఎవరివో పావురాలు గుంపుగా ఒక చుట్టు తిరిగి వెళ్తున్నాయి.

"చదువు, చదువు" అన్నాను.

ఆవిడ కాగితం మడిచింది. "ఈజిప్టుల సుత నేను గిట్లనే తల దించుకుని కాయితం చూడాల్నా?"

"ఆరు నిమిషాలే కదా."

"అక్కడ ఉండేది సుత ఆరు నిమిషాలే కదా."

మిత్రుడు మర మీద నుంచి చెయ్యి తీసి, ఉల్లిగడ్డల సంచి ముడి చాలా శ్రద్ధగా సరిచెయ్యసాగాడు.

"అప్పుడు అర్రల ఏసి తలుపు పెట్టిన్రు" అంది ఆవిడ. కోపం లేదు, కూరగాయల ధర అడిగినట్టు మామూలుగా అంది. "ఇప్పుడు ఇమానం ఎక్కిచ్చి, గంత దూరం తీస్కపోయి, చేతిల కాయితం పెట్టి మెడ వంచుతున్రు. ఏం ఫరక్ ఉన్నది?"

లెక్క వేసి చూశాను. ఫోటో వదులుకుంటే నాలుగోసారి కూడా నా లెక్క సున్నాయే. ఆవిడ చేత చదివిస్తే ఆవిడ లెక్క సున్నా. ఈ వయసులో మళ్లీ ఇంకొక సంపూర్ణ గ్రహణానికి ప్రయాణం కట్టగలమన్న భ్రమ ఇద్దరికీ లేదు.

ఆ సాయంత్రం బాల్కనీలో కూర్చుని నేను చాలా సేపు ఆలోచించాను. మనిషన్నవాడికి ఒక పెద్ద మనసు ఉండాలి. నేను వంటింట్లోకి వెళ్లి, "నాకు ఫోటో లేకపోయినా ఫరవాలేదు, నువ్వు చూడు" అన్నాను. ఆవిడ కళ్లు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే నాకొక ఉపాయం తోచింది. చదవడానికి కావలసింది ఆవిడ గొంతు కదా, ఆవిడ కాదు కదా. ముందే ఫోన్లో రికార్డు చేసి పెట్టుకుంటే సరి. ఎవరి ప్రోద్బలమూ లేకుండా, కేవలం నా మేధస్సుతో నేను కనిపెట్టిన పద్ధతి ఇది.

రికార్డింగ్ మా ముందు గదిలో జరిగింది. గాలి చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపాం. గొంతు మాత్రమే పడుతుందని చెప్పినా వినకుండా ఆవిడ చీర మార్చుకుని, తల దువ్వుకుని వచ్చి కూర్చుంది. మిత్రుడు మళ్లీ రాసి తెచ్చిన కాగితం ఆవిడ ముందు పెట్టి, స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక్కొక్క వరసకూ వేలితో సైగ చేశాడు.

"మూత తియ్యి. జెర నిమ్మలంగ. గా గొట్టం కదిలియ్యకు. నీకే చెప్తున్న."

"చెల్లెమ్మా, ఆ వరసకి మూడు సెకన్లే ఉన్నాయండి."

"ఒక్కపారి చెప్తే ఆయన ఇనడు అన్నా."

"అలాగైతే బండి లేటైపోద్ది."

"కానియ్. తిట్లు లేకపోతే నేనేనని ఆయనకు ఎట్ల తెలుస్తది?"

మిత్రుడు ఆలోచించి, రెండు వరసలు కలిపి తిట్లకు చోటు చేశాడు. రెండో ప్రయత్నంలో కుక్కర్ కూసింది. మూడోసారి కింద రోడ్డు మీద వెల్లుల్లి అమ్మే ఎల్లిగడ్డలవాడు స్పీకరు పెట్టుకుని వచ్చాడు. దాన్ని తీసెయ్యలేక అలాగే ఉంచాం. ఈజిప్టు ఎడారిలో చీకటి పడిన ఒకటిన్నర నిమిషానికి మా ఎల్లిగడ్డలవాడు వస్తాడు.

నాలుగో నిమిషం నిండగానే ఆవిడ కాగితం చూడకుండా అంది: "ఇగ చాలు. చెయ్యి తియ్యి. తల ఎత్తు."

ఇంకా పన్నెండు వరసలున్నాయి. వెలుగు జుట్టు చివరి పాయలు దొరికేవి ఆ వరసల్లోనే. నేను వేలితో కాగితం చూపించాను. ఆవిడ నా వేలిని పక్కకు తోసి, పెదవుల మీద తన వేలు పెట్టుకుంది. స్టాప్‌వాచ్ తిరుగుతూనే ఉంది. దూరంగా రైలు కూత, పక్కింట్లో పాత్రలు కడుగుతున్న చప్పుడు, అంతే. ఆఖరి సెకన్ల దగ్గర మళ్లీ గొంతు విప్పింది: "మూత పెట్టు. కండ్లకు అద్దాలు పెట్టుకో. మర్చిపోకు."

"ఆ పన్నెండూ?" అన్నాను, రికార్డింగ్ ఆగాక.

"ఉండనీ. మబ్బు ఫోటో ఉన్నది కదా హాల్ల, దాని పక్కన ఇంకోటి చాలు."

మర్నాడు పన్నెండింటికి ఫోన్ జేబులో పెట్టుకుని రిహార్సల్ చేశాం. జేబులోంచి మా ఆవిడ తిట్టింది, నా చేతులు వాటంతటవి కదిలాయి. ఎదురుగా మా ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని, నడినెత్తి సూర్యుణ్ణి వదిలేసి, ఉత్తరం వైపు ఖాళీ ఆకాశాన్ని అభ్యాసం చేస్తున్నట్టు చూస్తోంది. ఇరవై ఎనిమిది వరసలు పూర్తయ్యాయి. "తల ఎత్తు" అంది జేబు. ఎత్తాను. రెండు నిమిషాలకు పైగా చేయడానికి నాకు ఏ పనీ లేదు. కెమెరా పట్టినప్పటి నుంచి ఆకాశం కింద ఊరికే నిలబడిన జ్ఞాపకం నాకు లేదు. మొదట అరనిమిషం వేళ్లు జిలపెట్టాయి. తర్వాత బాగానే ఉంది. ట్యాంకు మీద రెండు పావురాలు వచ్చి వాలాయి. మిత్రుడు కూడా మర వదిలేసి ఎటో చూస్తున్నాడు.

ఇప్పుడు టెలిస్కోపు రెండు దిండ్ల మధ్య, పాత బొంతలో చుట్టి, అలమరా మీద ఉంది. మూత వేరే డబ్బాలో. టికెట్లు మిత్రుడి ఇంట్లో, ఆయన టైముపట్టీల మధ్య. ఆవిడ రోజూ పొద్దున ఒకసారి అలమరా వైపు చూసి, దుమ్ము లేకపోయినా తుడుస్తుంది.

ఇదంతా రాసి నిన్న ఇద్దరికీ చదివి వినిపించాను. మిత్రుడు మూతల దగ్గర నవ్వాడు, ఎల్లిగడ్డల దగ్గర మళ్లీ నవ్వాడు. పెద్ద మనసు దగ్గరికి వచ్చేసరికి చాయ్ కప్పులోకి చూడసాగాడు. మా ఆవిడ చివరిదాకా విని, నా చేతిలోంచి కాగితాలు తీసుకుని, ఆ పేజీ వెతికి, వేలు పెట్టింది.

"నాకు కండ్లల్ల నీళ్లు ఎప్పుడచ్చినయ్? నేను కాయితం నాలుగు పీలికలు జేసి చెత్తల ఏసిన. నువ్వు రెండు దినాలు నాతోని మాట్లాడలే, అన్నం సుత గోడ దిక్కు తిరిగి తిన్నవ్. రికార్డు ముచ్చట నీది కాదు. నా నోరు కావాల్నంటే ఫోన్ల పెట్టుకో, నా కండ్లు మాత్రం ఇయ్య అని నేనన్న. అన్న ఇక్కడనే ఉన్నడు, అడుగు. గది రాయి."